ఎర్రగడ్డ సంతలో సీమ బేరం

కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే 44వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. కడప నుంచైతే దాదాపు రెట్టింపు. అయినా పాత సామాన్ల మోజున్నవారికి దూరం లెక్కలోకి రాదు. ఎర్రగడ్డ ఆదివారం సంత అలాంటిది మరి! 2017లో మెట్రో వచ్చాక అక్కడికి చేరడమూ తేలికైంది.

రోడ్డు పక్కన పరిచిన పట్టాల మీద రేడియోలు, టేపురికార్డర్లు, చార్జర్లు, వైర్ల కుప్పలు... వాటి నడుమ ఎప్పుడైనా ఓ రీలు కెమెరా. చెప్పిన ధరకే కొన్నారంటే సంతకు కొత్తన్నమాట!

కెమెరా చేతికొస్తే ముందు బ్యాటరీ గది మూత తీయాలి. పచ్చటి చిలుము పట్టి ఉంటే లోపలి తీగలూ పాడై ఉండొచ్చు. లెన్సును వెలుగుకెదురుగా పట్టి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజే. అది అద్దం మీది పూతను తినేస్తుంది. తేమలో పెరిగే ఆ బూజుకు సీమ పొడిగాలి గిట్టదు. అందుకే కర్నూలు, కడప ఇళ్ల బీరువాల్లోని పాత కెమెరాలనూ ఓసారి చూడటం మంచిది. ఇక్కడ చేటు దుమ్ముతోనే.

అసలు గండం సెల్‌ఫోన్ బేరంలో ఉంది. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని కేంద్రం 2023లో తెచ్చిన సంచార్ సాథీలో సరిచూసుకోవచ్చు. దొంగసొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. ఇది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది.

బిల్లు లేని ఫోను ఎంత చవకైనా, పోగొట్టుకున్నవారి కన్నీటి ఖరీదు దానిలో కలిసే ఉంటుంది. ఆ బేరం వదిలేసి వస్తే నష్టమేమీ లేదు. వచ్చే ఆదివారం సంత ఉండనే ఉంది!