పన్నెండు ఓల్టుల సంగటి

బండిలో గ్యాస్ పొయ్యి పెట్టనివ్వనని మా ఇంటామె ముందే తేల్చి చెప్పేసింది. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఆపి ఉంచిన రైలుపెట్టె తగలబడి తొమ్మిది మంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్ నుంచి దక్షిణాది గుళ్లు చూడడానికి వచ్చిన యాత్రికులు వాళ్లు. దొంగచాటుగా ఎక్కించుకున్న గ్యాస్ సిలిండరే అంత పని చేసింది. కాలిపోయిన ఆ పెట్టెను టీవీలో చూసినాక నాకూ ఎదురు చెప్పే నోరు లేకపోయింది. సరే, కరెంటు మీదే వండుకుందాం అనుకున్నాం. మంట లేదు, పొగ లేదు, సిలిండర్ మోసే పని లేదు, ఇక భయమేముంది అని ధీమాగా ఉండిపోయాను. ఆ ధీమాతోనే బండిని కాల్చుకోబోయాను.

మాది సినిమావాళ్ల కారవాన్ లాంటిదేమీ కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రావెలర్ వ్యాన్. వెనక సీట్లు తీయించి ఇద్దరు పడుకునే మంచం, ఒక అల్మారా, నీళ్ల క్యానుకు ఒక గూడు పెట్టించుకున్నాం. (సీట్లు ఇష్టమొచ్చినట్టు పీకెయ్యడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందే అనుమతి తీసుకోవాలి, మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. ఈ ఒక్క పని మాత్రం సరిగ్గానే చేశాను.) సినిమా బండికి జనరేటర్ ఉంటుంది కాబట్టి అందులో ఏసీ నడిచినా, ఓవెన్ నడిచినా చెల్లుతుంది. మనకుండేది ఒక బ్యాటరీ. ఆ ఇంగితం ముందే ఉండాల్సింది.

నేను స్టవ్ కొన్న తీరు చెబితే నవ్వుతారు. షాపులో వరసగా పెట్టిన ఇండక్షన్ స్టవ్‌లలో 2000 వాట్లదే ఏరుకున్నాను, పెద్దదైతే తొందరగా ఉడుకుతుందని. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఇన్వర్టర్ బండిలోకి ఎక్కించాను. దాని డబ్బా మీద 1100 వీఏ అని ఉంటే, వీఏ అన్నా వాట్లన్నా ఒకటే అనుకున్నాను. అది గట్టిగా ఇచ్చేది 900 వాట్ల లోపే. పోనీలే, స్టవ్‌ను 800 మీద పెట్టుకుంటే మోస్తుందిలే అని సర్దుకున్నాను. బ్యాటరీ 150 ఏహెచ్‌ది కొత్తగా కొన్నాను. 1985లో మొదలైన అమరరాజా వాళ్ల బ్యాటరీల ఫ్యాక్టరీ మా ఊరి పక్కనే కరకంబాడిలో ఉంది. తిరుపతిలో వీధికొకరైనా ఆ కంపెనీలో పనిచేసినవాళ్లో, వాళ్ల చుట్టాలో తగులుతారు. అంతమందిలో ఒక్కరినైనా అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు.

భాకరాపేట ఘాటు దాటి పీలేరు దారిలో చింతచెట్ల కింద బండి ఆపాం. పొద్దుగుంకుతా ఉంది. బియ్యం కడిగి గిన్నె పెట్టి స్టవ్ నొక్కితే, ఇంట్లో ఎప్పుడూ వినని గుయ్‌మనే శబ్దం మొదలైంది. పాత ఇన్వర్టర్ ఇచ్చేది స్క్వేర్ వేవ్ కరెంటు, అది ఇండక్షన్‌కు పడదు. ఆ సంగతి తెలియక, శబ్దం పోతుందేమోనని గిన్నె అటూ ఇటూ జరిపాను. ఎసరు కాగే వేళకి ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచి ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందన్న ఎర్ర లైటు వెలిగింది. పొద్దునే నిండా చార్జయిన బ్యాటరీ అది! కాసేపు ఆగి మళ్లీ వేస్తే ఒక నిమిషం నడిచి మళ్లీ పోయింది. నాకు ఒళ్లు మండి బ్యాటరీ అమ్మినాయనకు ఫోన్ చేసి, పాత సరుకు అంటగట్టావని నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆయన పాపం ఓపికగా విన్నాడు.

ఫోన్ పెట్టేలోపే మా ఇంటామె "ఏందో కమురు వాసన వస్తా ఉండాది" అంది. అల్మారా వెనక చెయ్యి పెట్టి చూస్తే బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు లాగిన వైరు అంటుకోలేనంత వేడిగా ఉంది. ఎర్ర తొడుగు మెత్తబడిపోయి, నేను వేలితో నొక్కినచోట వేలిముద్ర దిగింది. బ్యాటరీ దగ్గర చుట్టిన టేపు జిగురు కారుతోంది. ఆ వైరు తాకుతున్నది ప్లైవుడ్ చెక్కను, ఆ చెక్కకు ఇవతల మా పరుపు. ఫ్యూజు అనేదే లేదు. అన్నం పలుకు మీద ఉండిపోయింది. పీలేరు పోయి హోటల్లో తిన్నాం.

మా బామ్మర్ది ఎలక్ట్రీషియన్. మరుసటి రోజు బండి చూసి ముందు నవ్వినాడు, తర్వాత నవ్వలేదు. "ఏం బావా, ఇంత సన్న వైరా ఏసేది? ఇంకో పది నిమిషాలు నడిచుంటే మీరు ఈడికి వచ్చేటోళ్లు కాదు" అన్నాడు. ఆనక పెన్సిల్‌తో అట్టముక్క మీద లెక్క వేసి చూపించాడు.

ఇంటి కరెంటు 230 ఓల్టులు. దాని మీద 800 వాట్ల స్టవ్ తీసుకునేది మూడున్నర ఆంపియర్లు. అదే 800 వాట్లు 12 ఓల్టుల బ్యాటరీ నుంచి లాగాలంటే, ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుని, 80 ఆంపియర్ల దాకా కావాలి. నేను వేసింది ఇళ్లలో మీటరు నుంచి మెయిన్‌కు లాగే 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. బ్యాటరీ బండి వెనక, ఇన్వర్టర్ ముందుసీటు కింద. మధ్య మూడు మీటర్లు, పోనూ రానూ ఆరు. ఆ వైరులో 80 ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు ఒకటిన్నర ఓల్టు ఖర్చయిపోతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండు ఉన్నా ఇన్వర్టర్‌కు కనిపించేది పదిన్నరే. పదిన్నర చూడగానే బ్యాటరీ ఖాళీ అనుకుని అది ఆరిపోతుంది. దారిలో పోయిన ఓల్టు ఊరికే పోలేదు, 120 వాట్ల వేడిగా మారి అల్మారా వెనక వైరును ఉడికించింది. లోపల రెండు స్టవ్‌లు నడుస్తున్నట్టే, ఒకటి మాత్రమే నాకు కనిపించింది.

బ్యాటరీ వైపు నుంచి కూడా నా ఆలోచన తప్పే. 150 ఏహెచ్ అన్నది ఇరవై గంటల పాటు నిదానంగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తీసుకుంటే వచ్చే లెక్క. మన రాయలసీమ రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. ఇంచు నీళ్ల బోరుకు పది హెచ్‌పీ మోటారు బిగిస్తే కాసేపు ధారగా పోసి గాలి పీలుస్తుంది, ఆపి ఊరనిస్తే మళ్లీ కాసిని నీళ్లు వస్తాయి. ఆగి వేస్తే నా స్టవ్ ఒక నిమిషం నడిచింది అందుకే. బ్యాటరీ అమ్మినాయనకు మళ్లీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

స్టవ్‌ను ఇంకా తగ్గించి 300 మీద పెట్టుకుంటే సరిపోదా అని మా బామ్మర్దిని అడిగాను. చాలా ఇండక్షన్ స్టవ్‌లు 300 అంటే నిజంగా 300 తీసుకోవు. కాసేపు వెయ్యి దాకా లాగి, కాసేపు ఆగి, సగటున 300 అనిపిస్తాయి. వైరుకూ బ్యాటరీకీ సగటుతో పనేముంది? లాగిన ప్రతిసారీ వెయ్యి మోయాల్సిందే. ఈ మధ్యలో సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న కుక్కర్ కూడా ఒకటి కొన్నాను. ఆ సాకెట్ ఫ్యూజు మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్లు, అంటే మహా అయితే 180 వాట్లు. లీటరు నీళ్లు కాగడానికే ముప్పావు గంట. దాని గురించి ఇంతకంటే రాయను.

చివరికి కుదిరింది లీటరు పట్టే మామూలు రైస్ కుక్కర్, 400 వాట్లది. లోపల ఉండేది ఒక హీటింగ్ ప్లేటు, ఒక స్ప్రింగు, ఒక అయస్కాంతం. కరెంటు స్క్వేర్ వేవా, సైన్ వేవా అని దానికి పట్టింపు లేదు. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లు ఇంకిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, మీట టక్కుమని పైకి లేస్తుంది. 1955లో జపాన్‌లో తోషిబా అమ్మకానికి తెచ్చిన తొలి ఆటోమేటిక్ కుక్కర్ నిర్మాణం వేరైనా, నీళ్లు ఇంకాక వేడి పెరగడాన్ని పసిగట్టి ఆపడమన్న కిటుకు ఇదే. బ్యాటరీని, ఇన్వర్టర్‌ను పక్కపక్కన పెట్టించి, మధ్యలో 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేయించాం. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు. ఆ కేబుల్, లగ్గులు, ఫ్యూజు కలిపి కుక్కర్ కంటే ఎక్కువ ఖరీదు అయ్యాయి. అడిగినవాళ్లకు మొదట ఈ ఖర్చే చెబుతాను.

మా ఇంటామె చేతి పొదుపు ఇంకొకటి. బియ్యం అరగంట నానబెడుతుంది. ఉడుకు పట్టి పది నిమిషాలు కాగానే స్విచ్ తీసేసి, గిన్నెను మూతతో సహా పాత దుప్పట్లో చుట్టి పెడుతుంది. ఇంకో అరగంటకు మెతుకు విరుగుతుంది. దాదాపు సగం కరెంటు మిగులుతుంది. వండేటప్పుడు మాత్రం బండి కదలకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. ఘాటు మలుపుల్లో గంజి పొంగితే కాలేది ఎదుట కూర్చున్నవాళ్ల కాళ్లే.

హార్స్‌లీ హిల్స్‌లో కందిపప్పు మమ్మల్ని సతాయించింది. అది 1,265 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు కుక్కర్‌లో ఎంతసేపు పెట్టినా పప్పు బద్దలుబద్దలుగానే ఉంది, నీళ్లు మాత్రం ఆవిరైపోతున్నాయి, బ్యాటరీ తరిగిపోతోంది. మూత బిగించి ఒత్తిడి పెంచితేనే 110 డిగ్రీలు దాటుతుంది. తర్వాత 700 వాట్ల చిన్న ప్రెషర్ కుక్కర్, దానికి పడే సైన్ వేవ్ ఇన్వర్టర్ కొన్నాం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి కూడా అప్పుడే మారాం. పాతది యాభై కిలోల పైమాటే, ఇది పన్నెండు. ఎక్కువ కరెంటు లాగినా నిలబడుతుంది.

పైన సోలార్ పలకలు ఉన్నాయి కదా, ఇంకేం అంటారు చూసినవాళ్లు. 200 వాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు 800 వాట్‌అవర్లు ఇస్తే గొప్ప. పడిన ఎండలో ఐదో వంతే కరెంటవుతుంది, ఆ కరెంటును తిరిగి వేడి చేస్తాం. తిరుమలలో 2002లో ఈ చుట్టుతిరుగుడు లేకుండా చేశారు. అన్నదానం వంటశాలకు 106 అద్దాల డిష్‌లు పెట్టి, ఎండతో నేరుగా ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే వండారు. బండి మీద అది కుదరదు కాబట్టి మేము కరెంటును లెక్కపెట్టుకుంటూ వాడుకుంటున్నాం.

సంగటి సంగతి మాత్రం ఏ కుక్కర్ కంపెనీ ఆలోచించినట్టు లేదు. అన్నం మెత్తబడ్డాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, కట్టెతో బలంగా గెలకాలి. రైస్ కుక్కర్‌లో గెలికితే కట్టెతోపాటు గిన్నే తిరుగుతుంది. గట్టిగా పట్టుకుని గెలికితే నాన్‌స్టిక్ పూత లేచి నల్లటి పెచ్చులు సంగట్లోకి వచ్చాయి. ఆ గిన్నె ఇప్పుడు బండి కడగడానికి నీళ్లు తోడుకునే చెంబు. పిండి మగ్గేదాకా కుక్కర్‌లో ఉంచి, తర్వాత మందపాటి సత్తు తపేలాలోకి దించి, నేను రెండు గుడ్డలతో తపేలా అదిమి పట్టుకుంటే ఆమె గెలుకుతుంది. శెనక్కాయ ఊరిబిండి ఇంట్లోనే నూరి డబ్బాలో పోసుకుని పోతాం. ఉలవలు కూడా ఇంట్లోనే ఉడికించుకుంటాం, ప్రెషర్ కుక్కర్‌లో కూడా అవి తినే కరెంటుకు రెండు పూటల అన్నం ఉడుకుతుంది.