ఎంబీయేకి కాలేజీ పేరే ముఖ్యమా?

మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే చర్చ. అమ్మాయి బీకాం అయిపోయింది, ఎంబీయే చేస్తానంటోంది. ఐసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది, యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు రావచ్చు. క్యాట్‌లో మాత్రం ఐఐఎంలకి సరిపడా రాలేదు. ఈలోగా వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు సీటిస్తామంటూ ఫోన్ల మీద ఫోన్లు. ఫీజు, హాస్టలు కలిపి రెండేళ్ళకి 14 లక్షలు!

"అమ్మా, ఎంబీయేకి పేరే ముఖ్యం. కంపెనీలు కాలేజీని చూసే వస్తాయి" అని అది. "చదివేవాళ్ళకి ఎక్కడైనా ఒకటే" అని వాళ్ళ నాన్న. నేను బీఏ తెలుగు. నాకు బ్యాలెన్స్ షీటుకీ బెడ్‌షీటుకీ తేడా తెలీదని మా వారి వేళాకోళం. ఇరవై రెండేళ్ళుగా ఆ జీతంతోనే నెలాఖరు దాటిస్తున్నది ఎవరో ఆయనకి నేను గుర్తు చెయ్యక్కర్లేదనుకోండి.

నిజానికి అమ్మాయి మాటని కొట్టిపారెయ్యలేం. కంప్యూటర్ ప్రోగ్రాము రాయడం వచ్చో రాదో ఒక పరీక్ష పెడితే తెలుస్తుంది. నలుగురిని కూడగట్టి పని చేయించగలరా, సరుకు అమ్మగలరా అన్నది అరగంట ఇంటర్వ్యూలో ఏం తేలుతుంది? అందుకని కంపెనీలు ఆ వడపోతని కాలేజీలకి వదిలేస్తాయి. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైంది. 2017 చట్టం వచ్చేదాకా ఐఐఎంలు ఇచ్చింది డిగ్రీ కాదు, డిప్లొమానే. అయినా ఏ కంపెనీ అయినా వెనకాడిందా? పేరుకున్న బలం అది.

మా మరిది హైదరాబాదులో ఒక కంపెనీలో హెచ్చార్‌లో ఉన్నాడు. అతన్నే అడిగాను. "కొత్తవాళ్ళ కోసం ఊరూరా తిరగలేం కదా వదినా, నాలుగైదు కాలేజీలకే వెళ్తాం. అక్కడ లేనివాళ్ళు మా కంట పడటం కష్టమే. అదే నాలుగేళ్ళు పనిచేసి వచ్చినవాళ్ళనైతే కాలేజీ గురించి పెద్దగా అడగను. పాత చోట ఏం చేశారో అడుగుతాను" అన్నాడు. అంటే పేరు మొదటి గుమ్మం దాటిస్తుంది, ఆ తర్వాత నడవాల్సింది మన కాళ్ళతోనే.

అయితే ఏది పేరు? హోర్డింగుల మీద కనిపించేదంతా పేరేనా? పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. ఆ యూనివర్సిటీ పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద ప్యాకేజీ ఒకటి బొద్దుగా అచ్చేశారు. అది ఒక్క పిల్లాడిది. మిగతావాళ్ళ సంగతేంటి? కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని ర్యాంకులిస్తోంది కదా, దానికి కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అన్నీ ఉంటాయి. మీడియన్ అంటే, పిల్లలందరినీ జీతాల ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. మన పిల్లలు చాలావరకు అక్కడే ఉంటారు. ఫోన్ చేసినతన్ని ఆ ఒక్క అంకె చెప్పమన్నాను. "మేడమ్, మీరు హయ్యెస్ట్ ప్యాకేజీ చూడండి" అన్నాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే మాట.

ఇంకా గట్టి సమాధానం బ్యాంకులో దొరికింది. స్టేట్ బ్యాంకులో స్కాలర్ లోన్ అని ఉంది. వాళ్ళ జాబితాలో ఉన్న పెద్ద సంస్థల్లో సీటొస్తే తాకట్టు లేకుండా పెద్ద మొత్తమే ఇస్తారట. ఈ యూనివర్సిటీ ఆ జాబితాలో లేదు. ఇంటి కాగితాలు పెట్టమన్నారు. అప్పిచ్చేవాడికే లేని నమ్మకం నాకెందుకుండాలి? ఆ ఇల్లు మా మామగారు రిటైరైన డబ్బుతో కట్టించింది. మా వారు మాట్లాడకుండా బీరువా దాకా వెళ్ళారు. నేనే ఆపాను.

అమ్మాయి రెండు రోజులు అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. మూడో రోజు తనే వచ్చింది. "సరే, ఇక్కడే చదువుతాను. కానీ ఉద్యోగం చేసి, అనుభవం వచ్చాక ఐఎస్‌బీకి పెట్టుకుంటాను. అప్పుడు అడ్డు చెప్పకూడదు" అంది. చెప్పనన్నాను. ఆ అప్పు దాని జీతం మీద, దాని పేరు మీద ఉంటుంది కాబట్టి ధైర్యంగానే అన్నాను.

వచ్చే వారం సర్టిఫికెట్ల పరిశీలన. ఇంటర్ మెమో కనపడటం లేదు. అటక ఎక్కాలి.