బొగ్గు సీమలో గుట్టల బాట

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు రామగుండంలో ఆగితే ముందుగా కంటపడేవి పొగ గొట్టాలే. ఒకవైపు 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, మరోవైపు గోదావరిఖని బొగ్గు బాయిలు. ఇక్కడికి డ్యూటీకి వచ్చేవాళ్లే గాని చూడటానికి వచ్చేవాళ్లు తక్కువ. కానీ ఈ ఊరికి పేరు పెట్టింది బొగ్గు కాదు, గుట్ట. ఆ గుట్ట మీది బండల్లో నీటి గుండాలున్నాయి. వనవాసంలో రాముడు వాటిలో స్నానమాడాడని నమ్మకం. మొత్తం 108 అని పెద్దలు లెక్క చెబుతారు. ఆ రాముని గుండాలే రామగుండం అయ్యాయి.

ఈ నేల కథ రాముడి కంటే పాతది. పాతిక కోట్ల ఏళ్లకు ముందు, ఇప్పటి ప్రాణహిత–గోదావరి లోయ కుంగుతూ వచ్చిన పల్లం. అందులో అడవులు కూలి, వాటి మీద ఇసుకా బురదా పొరలుగా పేరుకుని బొగ్గయింది. ఆనాటి గ్లాసోప్టెరిస్ చెట్ల ఆకుల అచ్చులు ఈ లోయలోనూ ఉన్నాయి, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా రాళ్లలోనూ ఉన్నాయి. ఆ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే నేల అనడానికి ఆ ఆకులే సాక్ష్యం.

ఇక్కడి గుట్టల్లో పెద్ద పేరు రామగిరి ఖిల్లాది. పెద్దపల్లి–మంథని దారిలో బేగంపేట దగ్గర దిగితే కోట బాట మొదలవుతుంది. కాకతీయుల కాలం చూసిన కోట ఇది. వానాకాలం ఎక్కితే రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటాయి, బురుజుల మీద పచ్చని నాచు పట్టి ఉంటుంది. ఔషధ మొక్కలకు పెట్టింది పేరు కాబట్టి శ్రావణంలో వైద్యులు, వృక్షశాస్త్రం చదివే పిల్లలు సంచులతో వస్తారు. అదే వానల్లో పెద్దపల్లి పక్కన సబ్బితం జలపాతం దూకుతుంది. ఎండాకాలం మాత్రం ఇటు రావద్దు. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు.

ఖిల్లా చుట్టుపక్కల కనిపించే మరో రకం గుట్టలు మనుషులు పోసినవి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు అందాలంటే దాని మీది మట్టీ రాయీ ముందు ఎత్తిపోయాలి. అలా డంపర్లు పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు ఊళ్ల పక్కన కొండల్లా లేచాయి. కొన్నింటి మీద సింగరేణి బొగ్గు సంస్థ మొక్కలు నాటింది. జర్మనీ రూర్ లోయలోని బోట్రోప్‌లో ఇలాంటి గని మట్టి గుట్ట మీదే 1995లో టెట్రాయెడర్ అనే ఉక్కు కట్టడం నిలబెట్టారు. జనం దాన్ని ఎక్కి తమ బొగ్గు సీమను చూసుకుంటారు. మన దగ్గరా 2022 చివర ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరుతో యాత్రికులను గనుల దాకా తీసుకెళ్లింది. గని చూపించే బస్సు గుట్ట కూడా ఎక్కించాలి. రాముని గుండాలు, రామగిరి, ఎల్లంపల్లి జలాశయం, మంథని గోదావరి ఘాట్లు రెండు రోజుల్లో హాయిగా చూడొచ్చు.

దీనికి పెద్ద హంగులు అక్కర్లేదు. ఖిల్లా బాట బాగుచేసి, దారిలో తాగునీళ్లు పెట్టి, మందు మొక్కలను వేళ్లతో సహా పెరికేయడం ఆపితే చాలు. ఈ యాత్రల వల్ల పని దొరికితే మాత్రం మొదటి వాటా ఓపెన్‌కాస్టు కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లకే దక్కాలి.

దారి చూపేవాళ్లను బయటి నుంచి తేనక్కర్లేదు. తట్టా చెమ్మాసు (పార)తో బొగ్గెత్తిన కార్మికులు రిటైరై ఈ కాలనీల్లోనే ఉన్నారు. అలాంటి ఒకాయనతో ఖిల్లా ఎక్కండి. మనకు కింద కనబడేది ఒట్టి నల్లని గొయ్యి. ఆయన మాత్రం చెయ్యి చాపి, అక్కడ ఏ ఊరుండేదో, ఆ ఊరి చెరువు ఎటు పారేదో, తాను ఏ ఇంక్లైన్ (ఏటవాలు గని)లో దిగేవాడో చెబుతాడు. ఆ మాటలు విన్నాక ఆ గొయ్యి గొయ్యిలా కనబడదు.