అండమాన్ నీళ్ల క్రిందికి వెళ్లేముందు

సెలవులు వస్తున్నాయంటే మా సంఘంలోని యువకులు ఒకప్పుడు ఊటీ, కొడైకెనాల్ అనేవారు. ఇప్పుడు అండమాన్ అంటున్నారు. అదీ ఒడ్డున నిలబడి చూసి రావడానికి కాదు, వీపుకు సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగడానికి. దీన్ని స్కూబా డైవింగ్ అంటారు. "అయ్యగారూ, పిల్లవాణ్ణి పంపవచ్చునా?" అని తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. నిరుడు మార్చిలో ఎనిమిది మంది యువకులతో నేనూ వెళ్లి, దిగి, వచ్చాను గనుక చూసినదీ తెలుసుకున్నదీ వ్రాస్తున్నాను.

చెన్నై నుండి విమానంలో రెండు గంటలకు కొంచెం పైగా ప్రయాణం చేస్తే పోర్ట్ బ్లెయిర్. 2024లో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. విశాఖపట్నం నుండి ఓడ కూడా ఉంది గాని అది ఎప్పుడో ఒకసారి బయలుదేరుతుంది, రెండు రోజులకు పైగా పడుతుంది. సెలవు తక్కువ ఉన్నవారు దాన్ని నమ్ముకోకూడదు. అక్కడ దిగగానే బజారులో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్లి స్థిరపడినవారు చాలామంది. మాకు చేపల పులుసు అన్నం పెట్టిన హోటలు ఆవిడ మాటలో పలాస యాస అలాగే ఉంది.

డైవింగ్ ఎక్కువగా జరిగేది హేవ్‌లాక్ దీవిలో. 2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ నుండి రెండు గంటల పడవ ప్రయాణం. నవంబరు నుండి మే మొదటి వారాల వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వానాకాలంలో అలలు లేచి నీళ్లు మురికిగా మారతాయి, ఒక్కోసారి పడవలే తిరగవు.

ఇక టిక్కెట్ల సంగతి. తిరుగు ప్రయాణం తేదీ మొదట చూసుకుని అక్కడి నుండి వెనక్కి లెక్కపెట్టండి. మనం అందరం ఆక్సిజన్ సిలిండరు అంటాం గాని అందులో ఉండేది మామూలు గాలే, బాగా నొక్కి నింపినది. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోకీ కండల్లోకీ చేరుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే, పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక, సోడా బుడ్డి మూత తీసినట్టు లోపల బుడగలు కడతాయి. కీళ్ల నొప్పుల దగ్గర నుండి పక్షవాతం వరకు తేవచ్చు. అందుకే చివరిసారి దిగిన తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు. మేము ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచుకున్నాం.

మొదటిసారి వెళ్లేవారికి ఈత రాకపోయినా ఫరవాలేదు. పదేళ్లు దాటితే చాలు. శిక్షకుడు చెయ్యి పట్టుకునే ఉంటాడు, 12 మీటర్లు దాటనివ్వరు. సొంతంగా దిగే సర్టిఫికెట్ కావాలంటే మూడు నాలుగు రోజుల కోర్సు, దానికి మాత్రం 200 మీటర్లు ఈదాలి.

దిగేముందు ఒక కాగితం ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ వచ్చిందా, చెవికి ఆపరేషన్ అయ్యిందా అని ప్రశ్నలు. ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరు సంతకం కావాలి. మాతో వచ్చినవారిలో ఒక అబ్బాయికి చిన్నప్పటి నుండి ఉబ్బసం. మమ్మల్ని తీసుకువెళ్లిన ఏజెంటు మెల్లగా, "అన్నిటికీ లేదు అని పెట్టేయ్ బాబూ, లేకపోతే పడవ ఎక్కనివ్వరు" అన్నాడు. ఆ అబ్బాయి ఏడాదిగా డబ్బు కూడబెట్టుకున్నాడు. పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. నీతి చెప్పడానికి అది సమయం కాదు, శరీరం సంగతి చెప్పాను. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. అందుకే నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదన్నది మొదటి సూత్రం. ఉబ్బసంతో గొట్టం మూసుకుపోతే, మనం బిగబట్టకపోయినా గాలి లోపలే చిక్కుకుని ఊపిరితిత్తి చిట్లవచ్చు. అతడు కాసేపు ఆగి "అవును" అని గుర్తుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టిన డబ్బులో సగమే తిరిగివచ్చింది. ఊళ్లోనే ఊపిరితిత్తుల డాక్టరును ముందుగా కలిసి ఉంటే, ఆయన సరేనన్నా వద్దన్నా, ఆ బాధ ఇంట్లోనే తీరిపోయేది. కాబట్టి టిక్కెట్టు కంటే ముందు డాక్టరు.

నేను దిగింది ఎనిమిది మీటర్లు. మొదటి రెండు మీటర్లలోనే చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే "టప్" మని తెరుచుకుంటాయి. జలుబు ఉంటే తెరుచుకోవు, ఆ రోజు మానుకోవడమే మేలు. క్రింద ఎవరూ మాట్లాడలేరు. బొటనవేలు పైకి చూపితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని అర్థం. ఆ నిశ్శబ్దంలో కటుక్ కటుక్‌మని చప్పుడు వినబడితే తిరిగి చూశాను. చిలుక ముక్కులాంటి మూతి ఉన్న చేప పగడపు రాతిని కొరుకుతోంది! అవి కొరికి విసర్జించినదే చాలావరకు మనం నడిచే తెల్లని ఇసుక. కాని పగడాలన్నీ రంగుల్లో లేవు. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అక్కడి పగడాలు విస్తారంగా తెల్లబారాయి. కొన్ని కోలుకున్నాయి, కొన్ని బూడిదరంగు దిబ్బలుగా మిగిలాయి. ఉన్నవాటిని ముట్టుకోవద్దు. ఒక్క ముక్క సంచిలో వేసుకున్నా వన్యప్రాణి చట్టం క్రింద నేరమే.

మరునాడు నీల్ దీవిలో ఆ అబ్బాయి శిక్షకుని పక్కన, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ చూశాడు. లోతుకు పోయినవారిలో ఎవరికీ తాబేలు కనబడలేదు. అతనికి కనబడింది. తిరుగు ప్రయాణమంతా దాని సంగతే.

ఆ ఖాళీ రోజు సెల్యులార్ జైలు చూశాం. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు భాగాలు ఉండేవి, ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొరను ఈ దీవులకే పంపారని నేను చెబితే మా పిల్లలు ఒక్కరూ అంతకుముందు వినలేదన్నారు. ఆయన తిరిగివచ్చి 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ కథ చెబుతుండగానే గేటు మూసే వేళ అయ్యింది, మిగిలినది విమానంలో చెప్పాను.