వీరాపురం కొంగలది సైబీరియా కాదు

ఉగాదికి అటూ ఇటూ వచ్చే ఆదివారాల్లో మా బర్డ్ వాచింగ్ గ్యాంగ్ వీరాపురం వెళ్తుంటుంది. బెంగళూరు–హైదరాబాద్ హైవేలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర చిలమత్తూరు వైపు తిరగాలి. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. బైనాక్యులర్స్ లేకపోయినా పర్లేదు. పక్షులు ఊళ్లోనే, చింతచెట్ల మీద గూళ్లు పెట్టుకుని ఉంటాయి. కింద నిలబడితే మాత్రం టోపీ తప్పనిసరి, ఎందుకో మీకే తెలుస్తుంది!

రీల్స్‌లో వీటిని 'సైబీరియా కొంగలు' అంటారు. కాదండీ. ఇవి ఎర్రకాళ్ల కొంగలు, అంటే పెయింటెడ్ స్టార్క్స్. సైబీరియా మొహం చూసినవి కావు. నీళ్లూ మేతా ఎక్కడుంటే అక్కడికి మన చుట్టుపక్కలే తిరుగుతాయి. పసుపు ముక్కు, నారింజ రంగు బోడితల, తోక దగ్గర గులాబీ ఈకలు. పెద్ద కొంగలకు గొంతు లేనట్టే, ముక్కులు టకటకలాడిస్తాయి అంతే. చెట్ల మీద వినిపించే గోలంతా పిల్లలది.

పేరు విషయం ఎందుకు పట్టుకున్నానంటే, సైబీరియా అనగానే వాటి కష్టసుఖాలు కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ వాటి బతుకంతా ఈ చుట్టుపక్కల చెరువుల్లోనే ఉంది. ఈ కొంగ లోతు తక్కువ నీళ్లలో ముక్కు కాస్త తెరిచి ముంచి నడుస్తుంది. చేప తగిలిందా, టక్కున మూసేస్తుంది. చూపు కంటే స్పర్శనే ఎక్కువ నమ్ముకున్న వేట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని ఈ సీమలో, అలాంటి నీళ్లు పిల్లలు ఎగిరేదాకా ఉండాలి. చెరువు ఎండితే తల్లీతండ్రీ మేత కోసం ఇంకా దూరం పోవాలి. అప్పటిదాకా గూట్లో పిల్లలు ఆకలితో, ఎండలో. మధ్యాహ్నం తల్లి కొంగ రెక్కలు చాపి పిల్లలకు నీడ పట్టడం చూశాక నాకు ఫొటోలు తీయబుద్ధి కాలేదు.

ఊరివాళ్లు వీటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. కొంగలొస్తే వానలొస్తాయని నమ్మకం. డ్రోన్ తెచ్చినోళ్లను తరిమేస్తే నేను వాళ్ల పార్టీయే.

మొన్న అరుగు మీద కూర్చున్న అవ్వ మా చేతుల్లోని ఫోన్లు చూసి, "వాన యెప్పుడొస్తాదో సూడు నాయనా" అంది. వెదర్ యాప్ తెరిచా. పది రోజులూ ఎండ బొమ్మే.