రూటు తాళం ఎవరి చేతికి?

యూనిక్సు కుటుంబానికి చెందిన ఏ సర్వరులోనైనా "రూట్" అనే వాడుకరి ఒకడుంటాడు. అతడికి తలుపులు లేవు, తాళాలు లేవు. ఏ ఫైలునైనా చదవగలడు, ఎవరి ఖాతానైనా తుడిచివేయగలడు, తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కోగలడు. "నిజంగానేనా?" అని యంత్రం సాధారణంగా అడగదు. సర్వర్ల నిర్వహణ నేర్పడమంటే చివరికి ఈ అధికారాన్ని మరొకరి చేతిలో పెట్టడమే. మరి ఆ చేతిని సిద్ధం చేయడమెలా? కొన్నేళ్ళుగా చిట్కుల్‌లో ఆదివారాలు అరడజను మందికి ఈ విద్య చెబుతున్నాను. ఆ అనుభవంలో తోచిన నాలుగు మాటలు ఇవి.

చిట్కుల్ పటాన్‌చెరు మండలంలోని ఊరు. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా మెదక్ జిల్లాలో ఉండేది. చుట్టూ కర్మాగారాలు, ఊరి దినచర్య షిఫ్టుల లెక్కన నడుస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఐటీఐ చదివి షిఫ్టుల్లో పనిచేసే కుర్రవాళ్ళు, డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయిలు. వారికిది సరదా విద్య కాదు. కాంట్రాక్టు పని నుంచి స్థిరమైన జీతానికి వెళ్ళే దారి ఇదేనేమో అన్న ఆశ.

ఈ వైపు నుంచి కంప్యూటరు విద్య కోసం బయలుదేరినవారికి మజిలీ అమీర్‌పేట. 2003లో నేనూ 218 నంబరు బస్సెక్కి అక్కడికే వెళ్ళాను. మైత్రీవనం చుట్టూ సోలారిస్, ఏఐఎక్స్, లినక్సు అంటూ బోర్డులు మేడలెక్కి కనబడేవి. తక్కువ రుసుముతో, మన మాటల్లో చెప్పి, ఎంతోమందిని ఉద్యోగాల గడప దాకా చేర్చిన వీధి అది, చిన్నచూపు చూడలేను. కానీ నేను చేరిన శిక్షణాలయంలో ఒక్కో యంత్రానికి ముగ్గురం. రూటు సంకేతపదం అధ్యాపకుడి దగ్గరే ఉండేది. మేము ఆదేశాలను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్ళం. పాడయిన యంత్రం ఎలా ఉంటుందో కోర్సు ముగిసేదాకా చూడలేదు.

ఆదేశాలకు ఆయుష్షు తక్కువ. సోలారిస్‌ను తయారుచేసిన సన్ సంస్థను 2010లో ఒరాకిల్ కొనేసింది. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7తో సేవలను నడిపించే పద్ధతే మారి, సిస్టమ్‌డీ వచ్చింది. అభ్యాసానికి ఉచితంగా దొరికిన సెంట్‌ఓఎస్ లినక్సు ఏడవ విడుదలతో 2024 జూన్‌లో ముగిసిపోయింది. నోటు పుస్తకాన్నే నమ్ముకున్నవాడు ప్రతిసారీ ఓనమాలు దిద్దుకోవాలి. కారణం వెతకడం నేర్చినవాడికి మాత్రం మారింది పనిముట్టే, పని కాదు.

అందుకని మా తరగతిలో మొదటిరోజే అందరికీ రూటు సంకేతపదం ఇచ్చేస్తాను. ఉన్నవి రెండు పాత డెస్క్‌టాపులు, ఒక స్విచ్చు. వాటిలోనే నాలుగైదు మిథ్యాయంత్రాలను నడుపుతాం. ప్రతి ఆదివారం వాళ్ళు రాకముందే ఏదో ఒకటి చెడగొట్టి ఉంచుతాను. నియమం ఒక్కటే: ఏమి చూశారో, ఏమి అనుమానిస్తున్నారో నోటితో చెప్పనిదే మీట ముట్టుకోరాదు.

ఒకసారి ఒక సర్వరుకు అంకెల చిరునామాతో పింగ్ వెళుతోంది, పేరుతో వెళ్ళడం లేదు. అందరూ తలా ఒక ఆదేశం గుర్తుచేసుకుంటుంటే, ఒక ఫిట్టరు కుర్రవాడు నెమ్మదిగా అన్నాడు: "సార్, మా పంపుహౌసుల నీళ్ళు రాకపోతే మొదలు ట్యాంకు సూస్తం, ఎన్క వాల్వు సూస్తం, గప్పుడు మోటరు. గిక్కడ తొవ్వ మంచిగనే ఉన్నది, అడ్రసు చెప్పెటోడే లేడు గద?" అంతే. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవను నేను ఆపి ఉంచాను. పుస్తకాలు పొరలుగా వర్ణించే జాలాన్ని అతడు గొట్టాల భాషలో అప్పటికే చదివేశాడు!

మరోసారి డిస్కు నిండిపోయింది. పెద్ద లాగ్ ఫైలును తొలగించారు. అయినా డిస్కు నూరు శాతమే. యూనిక్సులో పేరు వేరు, ఫైలు వేరు. పేరు తుడిచినా, ఆ ఫైలును తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము దాన్ని వదిలేదాకా స్థలం ఖాళీ కాదు. గడప మీది పేరుపలక పీకేసినంత మాత్రాన లోపలి మనిషి ఇల్లు ఖాళీ చేయడు కదా. ఎవరు పట్టుకున్నారో కనిపెట్టి ఆ సేవను పునఃప్రారంభించాక స్థలం తిరిగివచ్చింది.

ఒక సమస్య తీరినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. రెడ్‌హ్యాట్ వారి పరీక్షలో ఒక మంచి నియమముంది: అభ్యర్థి చేసిన అమరికలన్నీ యంత్రాన్ని పునఃప్రారంభించిన తరువాత కూడా నిలవాలి. మా తరగతిలోనూ ప్రతి పని చివర యంత్రాన్ని ఆపి తిరిగి లేపుతాం. మన కళ్ళెదుట పనిచేయడం వేరు, మనం లేనప్పుడు పనిచేయడం వేరు.

మీలో తొలినాళ్ళ తెలుగు తెరలను చూసినవారికి అక్షరాల బదులు పెట్టెలు కనబడిన రోజులు గుర్తుండే ఉంటాయి. మా పాఠాల ఫైళ్ళకు తెలుగు పేర్లే పెడతాం. సర్వరులో భాషా అమరిక తప్పితే ఆ పేర్లు ప్రశ్నార్థకాలుగానో అంకెల గజిబిజిగానో కనబడతాయి. పిల్లలు హడలిపోతారు. ఫైలుకు ఏమీ కాలేదు, చూపే తీరే మారింది అని తెలిశాక వాళ్ళ ముఖాలు తేటపడతాయి. అప్పుడు చెబుతాను: 1969లో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీతో కలిసి యూనిక్సుకు ప్రాణం పోసిన కెన్ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 రూపొందించాడని, మన ఒక్కో యూనికోడు సంకేతం అందులో 3 బైట్లు తీసుకుంటుందని. యూనిక్సు తమది కాని వస్తువన్న జంకు ఆ రోజుతో కొంత తగ్గుతుంది.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న ఒక కర్మాగారంలో బాయిలరు దగ్గర పనిచేస్తాడు. షిఫ్టు మారేటప్పుడు ఏమి చేశారో, ఏమి మిగిలిందో, దేనిమీద కన్నేసి ఉంచాలో రాసి సంతకం పెట్టనిదే అక్కడివాళ్ళు ఇంటికి కదలరట. ఆమె అదే పద్ధతిలో మా సర్వర్లకూ ఒక పుస్తకం తెరిచింది. మార్చిన ప్రతి అమరికా, మార్చిన కారణమూ, వెనక్కి తిప్పే మార్గమూ అందులో ఉంటాయి. టైపింగులో ఆమె అందరికంటే నిదానం.

ఈ మధ్య ఒక చిన్న సంస్థవారు తమ సర్వర్లు చూసుకోవడానికి మనిషి కావాలని అడిగారు. ఇద్దరు ముగ్గురు ధ్రువపత్రాలతో సిద్ధంగా ఉన్నారు. అందరికీ ఉద్యోగం అవసరమే. నేను ఆ అమ్మాయి పేరే చెప్పాను. రూటు తాళం చేతికిచ్చేవారు అడగవలసింది ఎన్ని ఆదేశాలు వచ్చునని కాదు, తన తరువాత వచ్చేవాడి గురించి ఆలోచిస్తుందా అని. పుస్తకం మాత్రం తరగతిలోనే వదిలి వెళ్ళింది. ఇప్పుడు ఫిట్టరు కుర్రవాడు రాస్తున్నాడు.