ఎర్రనేలలో ఎండిన సాక్ష్యం

హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం చేరేసరికి ఎటుచూసినా ఎర్రనేల, రాళ్లగుట్టలు, వేరుశనగ చేలే. పడమటి కనుమలు మేఘాలను ఆపేస్తాయి, తూర్పు తీరమేమో దూరం. దాంతో ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే.

రైతును ఏడిపించే ఈ పొడిగాలి నేరపరిశోధనకు మాత్రం మేలే చేస్తుంది! నీడన ఆరిన మరకలో డీఎన్‌ఏ చాలాకాలం నిలుస్తుంది. తేమ తగిలినా, మండుటెండ పడినా పాడవుతుంది. అందుకే మరకపడ్డ గుడ్డను నీడన ఆరబెట్టి, ప్లాస్టిక్‌ సంచిలో కాకుండా కాగితం కవరులో పెడతారు.

మరక ఎవరిదో డీఎన్‌ఏ చెబుతుంది. మనదేశంలో ఆ పద్ధతికి 1988లో దారివేసింది ఇదే రహదారికి ఆ కొసన ఉన్న హైదరాబాద్‌ సీసీఎంబీలో లాల్జీసింగ్‌ బృందం. మరి అది రక్తమా, లాలాజలమా? రసాయన పరీక్షలున్నా, వాటికే కొంత మరక ఖర్చయిపోతుంది. ఒంట్లో కణాలన్నిటా డీఎన్‌ఏ ఒకటే అయినా, దానిమీది మిథైల్‌ గుర్తులు కణాన్నిబట్టి మారతాయి. కొత్త పరీక్షలు చదివేది వాటినే.

గ్లాసుమీద లాలాజలముంటే నీళ్లు తాగినట్టు. అదే రక్తమైతే? ఆ తేడా తేలకపోతే ఏ పాపం ఎరగనివాడు జైలుకెళ్లొచ్చు. వాన కురవని నేలమీదైనా ఆ మరక ఆరి, భద్రంగా ల్యాబుకు చేరడమే ముఖ్యం.